నీళ్ళు తగిలితే

ట్రినెస్ పార్లర్ తలుపు తోసుకొచ్చిన తీరు చూడగానే వెర్నీస్‌కి తెలిసిపోయింది, ఏదో కొంప మునిగిందని. డయాలసిస్ సెంటర్లో డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, నీలం యూనిఫాం ఒంటిమీదే ఉంది. కూతురు సరాయాని మణికట్టు పట్టుకుని లాక్కొస్తోంది. మేకన్ ఊళ్ళో ఏప్రిల్ అంటే అప్పటికే చెమటలు కారుతుంటాయి. అలాంటిది ఆ పిల్ల నెత్తిన, చెవులదాకా దిగలాగిన ఉన్ని టోపీ.

"అక్కా, ముందు ఇది చూడు," అంటూ ట్రినెస్ ఆ టోపీ పీకేసింది.

పిల్ల రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తల్లి ఆ చేతుల్ని పట్టి కిందికి దించింది.

ఈస్టర్ పండక్కి ఆ తలని ప్రెస్ చేసింది వెర్నీసే. పాయ పాయా విడదీసి, వేడి పెట్టి, భుజాలు దాటి వీపు మీదికి జారేలా చేసి పంపింది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారి మాటలు విన్నవాళ్ళకంటే ఆ జుట్టు చూసినవాళ్ళే ఎక్కువట. ఇప్పుడు తల్లి ఇంట్లో తలంటింది. తలంటాక ఉంగరాలు తిరిగి రావాలి. చెవుల పక్కన వచ్చాయి. మెడ వెనక వచ్చాయి. నడినెత్తిన మాత్రం, అరచెయ్యంత మేర, జుట్టు మొక్కజొన్న పీచులా వాలి పడుకుంది.

"మళ్ళీ మళ్ళీ తలంటాను. తడి మీద జడలేసి ఆరబెట్టాను. ఊహూఁ! నువ్వేగా అంటావు, నీళ్ళు తగిలితే నీది నీకొస్తుందని?"

అనడం నిజమే. అది వెర్నీస్ మాట, ఊళ్ళో మా నల్ల ఆడవాళ్ళందరికీ కంఠతా వచ్చిన మాట. మందు పెట్టి జుట్టు సాగదీసే పార్లర్లు వీధి వీధికీ ఉన్న రోజుల్లో కూడా ఆ డబ్బా ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ మందులు గర్భసంచికి చేటని టీవీలో చెప్పడం మొదలెట్టాక అందరూ ఈ దారే పట్టారు. 'వేడి పెడతాను, సాగుతుంది. నీళ్ళు తగిలితే నీది నీకొస్తుంది.' ఆ ఒక్క మాట మీదే పార్లర్ నడుస్తోంది.

"సింకు దగ్గరికి రా తల్లీ," అంది వెర్నీస్.

సరాయా మెడ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. వెర్నీస్ నీళ్ళు ముందు తన మణికట్టు మీద పోసుకుని చూసుకుని, తర్వాత పిల్ల నెత్తిన పోసింది. నడినెత్తి నుంచి ఒక పాయ తీసి, వేలికి చుట్టి వదిలింది. మామూలుగా అయితే అది స్ప్రింగులా పైకి ముడుచుకోవాలి. వేలి మీంచి జారి సింకు అంచున పడింది. ఇంకో పాయ తీసింది. అదీ అంతే. కుదురు దగ్గర గోరంత మేర వంకీ బతికే ఉంది. అక్కణ్ణుంచి కొస దాకా చచ్చింది. మందైతే కుదుళ్ళని వదలదు, అక్కణ్ణుంచే తినేస్తుంది. ఇది మందు కాదు, వేడి. ఈ సంగతి ఆమె బుర్ర కంటే ముందు ఆమె వేళ్ళకి తెలిసింది.

ఈస్టర్ ముందటి ఆ శనివారం గుర్తొచ్చింది. పిల్ల కంటే ముందు కుర్చీలో కూర్చున్నది బిరుసు జుట్టు మనిషి. ఆవిడ కోసం స్ట్రెయిట్‌నర్ వేడి ఆఖరిదాకా తిప్పింది. తర్వాత తగ్గించిందా? చెవికీ భుజానికీ మధ్య ఫోను, గుమ్మందాకా జనం. నడినెత్తిన ఒకసారి లాగింది, ఇంకా మెరవాలని ఇంకోసారి లాగింది. పిల్ల ఏదో అంది కూడా. కాస్త పొగ లేచింది. నూనె పొగ అనుకుంది, లేదా అనుకోవాలనుకుంది. జుట్టు అద్దంలా వచ్చింది. అందరూ అబ్బ అన్నారు. ఆమె కూడా అబ్బ అనుకుంది.

"చెప్పక్కా, ఏమైంది దీనికి?"

డ్రయ్యర్ల కింద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు వాటిని పైకెత్తి చెవులు ఇటు పడేశారు. పక్క కుర్చీలో జడలల్లే డెండ్రా అల్లడం ఆపింది.

"ఇంట్లో ఎవరైనా పర్మ్ గానీ పెట్టారా దీనికి?" అంది వెర్నీస్.

పర్మ్ అంటే తెల్లవాళ్ళకి లేని ఉంగరాలు తెచ్చే మందు. మాకు ఉన్న ఉంగరాలు తీసేసే మందు. వెర్నీస్ ఆ మాట అబద్ధంగా అనలేదు. ఊరికే అడిగింది. అడిగితే తప్పేముంది? ఆమె తనకి తాను ఆ పూట చెప్పుకున్న సమాధానం అదే.

ట్రినెస్ మొహం ముందు తెల్లబోయింది, తర్వాత గట్టిపడింది. "మా అత్త!"

"నేను ఎవరి పేరూ అనలేదు."

"నువ్వనక్కర్లేదు. స్కూలు నుంచి తీసుకొచ్చి నేను డ్యూటీ దిగేదాకా పెట్టుకునేది ఆవిడే కదా! 'ఆ పిల్లకి తల దువ్వే దిక్కే లేదా' అని ఎన్నిసార్లు దెప్పింది నన్ను. 'మీ తరంలో ఆడపిల్లలు పొదల్లా తిరుగుతారేమే' అని. చూశావా, సమయం చూసి ఎంత పని చేసిందో!"

"నానమ్మ నాకేం పెట్టలే—" అని సింకులోంచి సరాయా అనబోయింది.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నువ్వు నోర్ముయ్." ట్రినెస్ వెర్నీస్ వైపు తిరిగింది. "నిజంగా పర్మేనా అక్కా? నా మొహం చూసి చెప్పు."

వెర్నీస్ ఆమె మొహం చూడలేదు. కుళాయి కట్టి, తువ్వాలు తీసి పిల్ల తలకి చుట్టింది.

"అలాగే ఉంది," అంది.

ఆ తర్వాత పని చాలా శ్రద్ధగా చేసింది. చచ్చిన జుట్టు కత్తిరించక తప్పదనీ, ఒక్కసారే వద్దనీ, తొందరపడొద్దనీ చెప్పి, ఆ పాయల్ని పక్క ఉంగరాల్లో కలిపి చిన్న చిన్న మెలికలు పెట్టింది. అద్దంలో సరాయా కళ్ళు తన మొహం మీదే ఉన్నాయని తెలుసు. వెర్నీస్ మాత్రం జుట్టు తప్ప ఇంకేం చూడలేదు.

*

మర్నాడు డెండ్రా వస్తూనే వార్త మోసుకొచ్చింది. ఆమె నోట్లో నువ్వు గింజ నానదు.

"విన్నావుటే? నిన్న సాయంత్రమే ట్రినెస్ వాళ్ళత్త ఇంటిమీదికి వెళ్ళిందట. లోపలికి కూడా పోలేదట, వాకిట్లోనే నిలబెట్టి కడిగేసిందట. ఇటు పక్కవాళ్ళూ అటు పక్కవాళ్ళూ బయటికొచ్చేశారు. 'ఇక నా కూతురు మీ గడప తొక్కదు' అనేసి, పిల్ల బట్టలు సంచిలో వేసుకుని పోయిందట. కొడుకేమో లారీ తోలుకుంటూ టెక్సస్‌లో ఎక్కడో ఉన్నాడు. ఆపేవాళ్ళెవరు?"

"మిస్ ఒర్లీన్ ఏమందట?" అంది వెర్నీస్. దువ్వెనల్ని సబ్బునీళ్ళలో వేస్తోంది.

"ఏడ్చిందట."

"మిస్ ఒర్లీనా?"

"అదే నేనూ అన్నాను!"

ట్రినెస్ అత్త మిస్ ఒర్లీన్ ఏడ్చిందంటే ఊళ్ళో నమ్మేవాళ్ళు లేరు. మొగుడున్నా పోయినా, పెద్దావిడని మావాళ్ళు మర్యాదకి 'మిస్' అనే అంటారు. ఆదివారం చర్చి గుమ్మంలో తెల్ల గ్లౌజులు వేసుకుని నిలబడి, ఆలస్యంగా వచ్చింది గవర్నరైనా సరే వేలు చూపించి ఆఖరి బెంచీలో కూర్చోబెట్టే మనిషి. మొగుడు పోయిన నాడు కూడా ఆ గుమ్మంలో నిలబడే అందరికీ చోటు చూపించింది. ఈ ఆదివారం సరాయాకి కూడా చిన్న తెల్ల గ్లౌజులు తొడిగి తన పక్కన నిలబెట్టుకుంటానని చలికాలం నుంచీ చెప్పుకుంటోంది.

డెండ్రా సింకు అంచున చేరబడి గొంతు తగ్గించింది. "ఒక్క మాట అడగనా? మందైతే కుదుళ్ళ దగ్గర్నుంచే సాగుతుంది కదా. నిన్న ఆ పిల్ల కుదుళ్ళు నేనిక్కణ్ణుంచి చూస్తే..."

వెర్నీస్ తలెత్తింది.

"ఏం లేదులే," అంది డెండ్రా వెంటనే. "అంత దూరం నుంచి నాకేం కనిపిస్తుంది. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు."

డెండ్రాకి కళ్ళజోడే లేదు.

ఆ రోజంతా వెర్నీస్ చేతికి పని సాగలేదు. ప్రతి పాయకీ ముందు స్ట్రెయిట్‌నర్ తిప్పి అంకె చూసుకుంది. ఒక బ్యాంకు అమ్మాయి తన చిన్న చెల్లెల్ని తీసుకొచ్చి, "దీనికి ఇదే మొదటిసారి, భయపడుతోంది, కాస్త ధైర్యం చెప్పండి," అంది. "భయమెందుకమ్మా, నీళ్ళు తగిలితే..." అని వెర్నీస్ మొదలుపెట్టి ఆగింది. మిగతా మాట ఆ బ్యాంకు అమ్మాయే పూర్తిచేసి నవ్వింది. వెర్నీస్ కూడా నవ్వాల్సొచ్చింది. ఛీ అనిపించింది ఆమెకి. తేలు కుట్టిన దొంగలా, అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

సాయంత్రం ట్రినెస్‌కి ఫోను చేద్దామని తీసింది. ఏమని చెప్పాలి? 'ట్రినెస్, నేను పొరపడ్డాను' అనొచ్చు. 'ఎందుకు పొరపడ్డావు' అంటే? ఆ తర్వాత ఇంకో మాట, దాని తర్వాత ఇంకో మాట. చివరికి ఎక్కడికి తేలుతుందో తెలుసు. ఈ ఊళ్ళో ఒక్క తల పాడుచేస్తే చాలు, అది మిగతా తలలన్నిటికీ చెప్పేస్తుంది. రేపు చూద్దాంలే అనుకుని ఫోను సంచిలో పడేసింది.

*

శుక్రవారం పొద్దున్న, ఇంకా ఎవరూ రాకముందే, మిస్ ఒర్లీన్ వచ్చింది.

చేతిలో ఫాయిల్ కాగితం కప్పిన పళ్ళెం. చర్చికి వేసుకునే బూడిదరంగు గౌను, దాని మీద బ్రోచ్ పిన్ను. వెర్నీస్ కుర్చీ తిప్పి చూపిస్తే వద్దంది. గోడవారగా వచ్చినవాళ్ళు ఎదురుచూసే బల్ల మీద కూర్చుని, పళ్ళెం పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి మీద రెండు చేతులూ ఆనించింది.

"పౌండ్ కేక్ చేశాను. వెన్న మంచిదే దొరికింది. నువ్వూ ఆ జడలల్లే పిల్లా తినండి."

"ఎందుకండీ మిస్ ఒర్లీన్, మీకీ శ్రమ..."

"నన్ను చెప్పనీ అమ్మాయ్. రాత్రంతా కూడగట్టుకుని వచ్చాను. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను."

వెర్నీస్ నిలబడిపోయింది. చేతిలో ఒక దువ్వెన ఉంది. దాన్ని తుడవడం మొదలుపెట్టింది.

"నేను పర్మ్ పెట్టలేదు. దేవుడి మీద ఒట్టు. నా నెత్తినే ఇన్నేళ్ళలో పెట్టుకోలేదు, దాని నెత్తిన పెడతానా? కానీ నేను ముట్టుకోలేదు అంటే అది అబద్ధం. ముట్టుకున్నాను." ఆవిడ ఒకసారి దగ్గి సర్దుకుంది. "ఈస్టర్ తర్వాతి ఆదివారం పొద్దున్న, పిల్ల రాత్రి మా ఇంట్లోనే పడుకుంది, చెమట పట్టి వంటిల్లంతా లేచిపోయింది."

వంటిల్లంటే మా ఆడవాళ్ళ భాషలో మెడ వెనక జుట్టు. ఎంత సాగదీసినా చెమట బొట్టు పడితే చాలు, ఎప్పట్లా గింజలు కట్టేస్తుంది. ఎందుకు ఆ పేరో నాకు తెలియదు. మా అమ్మమ్మలు మమ్మల్ని వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి అక్కడే ఎక్కువసేపు అవస్థపడేవాళ్ళు, అందుకేనేమో.

"నా తల్లి వాడిన ఇనప దువ్వెన ఉంది. పొయ్యి మీద పెట్టి, కాగితం మీద వేడి చూసుకుని, ఆ వంటింటికీ, చెవుల పక్కనా రెండు దువ్వులు దువ్వాను. నడినెత్తి జోలికి పోలేదు. పోలేదనే అనుకుంటున్నాను. ముసలికళ్ళు, ఏం చేశానో ఏమో. నువ్వు పెట్టిన వేడి మీద నేను మళ్ళీ వేడి పెడితే లోపల్లోపల పాకిందేమో. వాళ్ళమ్మకి చెప్పొద్దని పిల్ల దగ్గర మాట తీసుకున్నాను. అదీ నా సిగ్గు. పిల్లకి అబద్ధం నేర్పాను."

"మిస్ ఒర్లీన్..."

"ఇంకా అవలేదు. నీ చేతి పనిని నేను పాడుచేశాను. ఆ రోజు ఆ డ్రయ్యర్ల కింద కూర్చున్నవాళ్ళు ఊరంతా ఏం చెప్పుకుంటున్నారో, వెర్నీస్ ప్రెస్ చేసిన తల తిరిగి రాలేదు అంటున్నారో ఏమో. నీ పేరుకి మచ్చ తెచ్చాను. నీకంటే పెద్దదాన్ని, అయినా అడుగుతున్నాను. నన్ను క్షమించు."

ఆవిడ తలొంచలేదు. వెర్నీస్ కళ్ళలోకే చూస్తూ అంది. ఆ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

ఇదీ సమయం. వెర్నీస్‌కి తెలుసు. ఆ మెడ వెనక ఉంగరాలు ఎంత నిక్షేపంగా తిరిగొచ్చాయో బుధవారం తన వేళ్ళతోనే చూసింది. ఈ ముసలమ్మ దువ్వెన తగిలిన చోటల్లా జుట్టు బాగుంది. తన చెయ్యి పడిన చోటే చచ్చింది. నోరు తెరిచింది.

"పోనీండి మిస్ ఒర్లీన్," అని వచ్చింది ఆ నోట్లోంచి. "అయిందేదో అయింది. మీరు మనసులో పెట్టుకోకండి."

మిస్ ఒర్లీన్ పెద్ద ఊపిరి విడిచింది. లేచి వచ్చి వెర్నీస్ చెంప మీద చెయ్యి వేసింది. "మీ అమ్మ నిన్ను బాగా పెంచింది," అని వెళ్ళిపోయింది.

వెర్నీస్ ఆ దువ్వెన ఇంకా తుడుస్తూనే ఉంది. తర్వాత డెండ్రా వచ్చి, కేకు కోసి ఒక ముక్క ఆమె చేతిలో పెట్టింది. నిలబడే కొరికింది. నమిలింది, నమిలింది, గొంతు దిగదు. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, ఎవరూ చూడకుండా ఉమ్మేసింది.

*

శనివారం పార్లర్‌లో ఇసక వేస్తే రాలనంత జనం. కుర్చీలో బర్నెటా ఉంది, స్కూలు బస్సు నడిపే మనిషి. తల ఒక పక్క ప్రెస్ అయి నున్నగా వాలింది, రెండో పక్క ఇంకా గుబురుగా నిలబడి ఉంది. "ఇలాగే బస్సెక్కితే సగం మంది పిల్లలు నన్ను గుర్తుపడతారు, సగం మంది దిగిపోతారు," అంటోంది. అందరూ నవ్వుతున్నారు. తలుపు తెరుచుకుంది. ట్రినెస్, ఆమె వెనక సరాయా, ఇద్దరికీ కాస్త దూరంగా మిస్ ఒర్లీన్. నవ్వులు అలా ఆగిపోయాయి.

"అక్కా, పనిలో ఉన్నావు, తెలుసు," అంది ట్రినెస్. "ఒక్క మాట చెప్పు, పోతాం. నిన్న ఈవిడ ఫోను చేసి, పర్మ్ కాదు, ఇనప దువ్వెన పెట్టానంటోంది. నాకు ఆవిడ మాట మీద నమ్మకం లేదు, నీ మాట మీద ఉంది. దువ్వెనే అయితే సరే, తెలివితక్కువ పని, ఏడ్చి ఊరుకుంటాను. రేపు చర్చిలో ఆవిడ పక్కనే నిలబడుతుంది పిల్ల. పర్మే అయి, దేవుడి పేరు చెప్పి నాతో అబద్ధమాడుతుంటే మాత్రం, ఇక జన్మలో ఆవిడ దీని మొహం చూడదు. ఏది నిజం?"

బ్యాగు పిడి మీద మిస్ ఒర్లీన్ వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. సరాయా మళ్ళీ ఆ టోపీలోనే ఉంది.

ఎంత తేలిక! 'దువ్వెనే' అంటే చాలు. ముసలమ్మకి పిల్ల దక్కుతుంది. ట్రినెస్ కోపం చల్లారుతుంది. పార్లర్ పేరు నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ ముసలమ్మ కళ్ళు కూడా అదే అడుగుతున్నాయి, దువ్వెనే అని చెప్పమ్మా, అని. దేవుడే ఎదురొచ్చి చేతిలో పెట్టినట్టుంది.

"దువ్వె—" అంది వెర్నీస్. మాట అక్కడే ఇరుక్కుంది, నిన్నటి కేకు ముక్కలాగే.

స్ట్రెయిట్‌నర్ కింద పెట్టింది. వెళ్ళి సరాయా టోపీ తీసి, నీళ్ళ సీసాతో మెడ వెనక చిలకరించింది. ఒక గింజని వేలితో పట్టి లాగి వదిలితే టక్కున పైకి ముడుచుకుంది.

"ఇదీ మీ అత్త దువ్వెన పెట్టిన చోటు. చూడు, ఎంత బాగుందో. ఆవిడ దువ్వెన ఏ పాపమూ చెయ్యలేదు. పర్మూ లేదు, గిర్మూ లేదు. పాడుచేసింది నేను. ఈస్టర్ ముందు రోజు. నా వేడి ఎక్కువైంది."

ట్రినెస్ నవ్వింది, జాలిగా, తడి కళ్ళతో.

"అయ్యో అక్కా. నీకెంత మంచి మనసు! ఆవిణ్ణి కాపాడ్డానికి నీ మీద వేసుకుంటావా?"

"అలా అనకమ్మాయ్," అంది మిస్ ఒర్లీన్ కూడా, ఒక అడుగు ముందుకేసి. "నా కోసం నీ పేరెందుకు చెడగొట్టుకుంటావు? నా తప్పు నేను మోస్తాను."

"చూశారా, ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారు," అంది బల్ల మీద కూర్చున్న ఒకావిడ. పక్కావిడ ఆమెన్ అంది.

వెర్నీస్‌కి తల దిమ్మెక్కింది. అబద్ధం చెబితే గబుక్కున నమ్మారు. నిజం చెబుతుంటే హారతులు పడుతున్నారు. ఇంత సిగ్గు ఆమె జన్మలో ఎరగదు. ఇక్కడ ఆగినా ఆగొచ్చు. చెప్పాను, వాళ్ళే నమ్మలేదు అనుకోవచ్చు.

"మంచి మనసు కాదు, మట్టీ కాదు!" అని అరిచింది. బర్నెటా కుర్చీలో ఉలిక్కిపడింది. "వినండి. దీనికి ముందు బిరుసు జుట్టు మనిషికి చేశాను. వేడి ఆఖరిదాకా తిప్పి మళ్ళీ తగ్గించలేదు. ఫోన్లో మాట్లాడుతున్నాను. నడినెత్తిన ఒకసారి లాగాక చాలు. మళ్ళీ లాగాను, మెరవాలని. పొగొచ్చింది, వాసనొచ్చింది. నాకు తెలిసింది. బుధవారం సింకులో వేలు పెట్టగానే పూర్తిగా తెలిసింది. తెలిసే పర్మ్ అన్నాను. సరాయా, చెప్పవే. ఆ రోజు నాతో ఏమన్నావు?"

పిల్ల తల్లి వైపు చూసింది, నానమ్మ వైపు చూసింది. పెద్దవాళ్ళ మాటల్లో దూరొద్దని పుట్టిన దగ్గర్నుంచీ విన్న పిల్ల.

"చెప్పు తల్లీ," అంది మిస్ ఒర్లీన్.

"కాలుతోందన్నాను," అంది సరాయా, నేల చూస్తూ. "మిస్ వెర్నీస్ చెవి మడిచి పట్టుకోమంది. చెవి కాదు, పైన కాలుతోందన్నాను. ఇంత సుకుమారమైతే అందమెలా వస్తుందే అంది."

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. బల్ల మీద ఒకావిడ చెయ్యి మెల్లగా తన నడినెత్తికి పోయింది. ఇంకొకావిడ సంచి తీసుకుని, ఇద్దర్ని దాటుకుని, చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచింది. డెండ్రా తల తిప్పేసుకుంది.

ట్రినెస్ మొహంలో రంగులు మారాయి. వెర్నీస్‌ని కొడుతుందేమో అన్నట్టు ముందుకొచ్చి, ఆగి, అత్త వైపు తిరిగింది. "అత్తా, నేను మిమ్మల్ని వాకిట్లో నిలబెట్టి, అంతమంది ముందు..."

"నీ సంగతి ఇంటికెళ్ళాక," అంది మిస్ ఒర్లీన్, ఆమె వైపు చూడకుండానే. ఆవిడ చూపు వెర్నీస్ మీద ఉంది. చర్చి గుమ్మంలో ఉండే చూపు అది. "జుట్టుదేముంది, పెరుగుతుంది. చెయ్యి జారడం ఎవరికైనా జారుతుంది. కానీ నిన్న నేను ఇదే బల్ల మీద కూర్చుని నీకు క్షమాపణ చెప్పుకున్నాను. రాత్రంతా కూడగట్టుకుని చెప్పుకున్నాను. నువ్వు నిలబడి విన్నావు. విని, పోనీండి అన్నావు."

వెర్నీస్ నీళ్ళ సీసా కింద పెట్టింది.

"ఇందాకట్నుంచీ మా కోడలికి చెబుతున్నావు, వీళ్ళందరికీ చెబుతున్నావు. నాకేం చెప్పలేదు."

మిస్ ఒర్లీన్ వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పిడి మీద రెండు చేతులూ ఆనించింది. సరాయా వచ్చి పక్కన నిలబడింది.

వెర్నీస్ ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. "మిస్ ఒర్లీన్..." అంది. ఆగి కళ్ళు తుడుచుకుంది.

"నాకేం తొందర్లేదు," అంది మిస్ ఒర్లీన్. "చెప్పు, వింటాను."